లీగ్‌లో ఆడతానంటున్న పదిహేడేళ్ల కుర్రాడు: లక్షన్నర కట్టే ముందు చూడాల్సినవి

మీరడిగింది ఇదీ. అబ్బాయికి పదిహేడేళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం, ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం. గాజువాక దగ్గర కాలనీ గ్రౌండ్‌లో ఆడతాడు, చుట్టుపక్కల టోర్నమెంట్లలో స్మాష్ బాగా కొడతాడని పేరుంది. 2025 అక్టోబరులో గచ్చిబౌలి వెళ్లి ప్రైమ్ వాలీబాల్ లీగ్ మ్యాచ్‌లు చూసొచ్చాడు. అప్పట్నుంచి పుస్తకం ముట్టడం లేదు, కాలేజీ మానేసి ఆటే ఆడతానంటున్నాడు. ఒక కోచింగ్ సెంటర్ వాళ్లేమో లక్షన్నర కడితే ఏడాదిలో లీగ్ ట్రయల్స్‌కి తయారుచేస్తామన్నారు. కట్టాలా, వద్దా?

కట్టొద్దు. తొందరలో ఉంటే ఇక్కడితో ఆపేయొచ్చు. కాకపోతే కుర్రాడికి ఈ ఒక్క ముక్కే చెబితే ఇంట్లో గొడవ ముదురుతుంది తప్ప తగ్గదు. నలభై ఏళ్ల కిందట మా నాన్నకీ నాకూ మధ్య నడిచిందీ ఇదే. అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను. నేను జిల్లాకి ఆడాను, రాష్ట్రానికి ఆడాను. ఆట నాకు రైల్వేలో ఉద్యోగం ఇప్పించింది. రిటైరయ్యాక పొద్దున్నే ఓ పాతిక మంది పిల్లల్ని ఆడిస్తున్నాను. లీగ్ అంటే నాకు చిరాకు లేదు, నిజానికి టీవీ ముందు నుంచి కదలను. మా ఆవిడకే చిరాకు.

ముందు మీ అబ్బాయి దగ్గర కూర్చుని లీగ్ చరిత్ర చెప్పండి, వాడికి తెలిసుండదు. మన దేశంలో మొదట 2011లో ఇండియన్ వాలీ లీగ్ అని ఆరు జట్లతో పెట్టారు. చెన్నై స్పైకర్స్ గెలిచింది. అందులో మన యానాం పేరుతో యానాం టైగర్స్ అని ఒక జట్టుండేది, ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు. ఆ లీగ్ ఒక్క ఏడాదితో సరి. మళ్లీ ఎనిమిదేళ్లకి, 2019 ఫిబ్రవరిలో, వాలీబాల్ ఫెడరేషన్, బేస్‌లైన్ వెంచర్స్ అనే స్పోర్ట్స్ మార్కెటింగ్ కంపెనీ కలిసి ప్రొ వాలీబాల్ లీగ్ పెట్టాయి. కొచ్చిలో, చెన్నైలో ఆడారు. బీజింగ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన అమెరికా జట్టులోని డేవిడ్ లీ కొచ్చి జట్టులో ఆడాడు. చెన్నై స్పార్టన్స్ కప్పు ఎత్తుకెళ్లింది. ఇక ప్రతి ఏడూ పండగే అనుకున్నాం. తర్వాత ఫెడరేషన్ ఒప్పందం రద్దు చేసుకుంది, వ్యవహారం కోర్టుకెక్కింది. మూడేళ్లు ఏమీ లేదు.

2022 ఫిబ్రవరిలో అదే బేస్‌లైన్ వాళ్లు, జట్ల యజమానులు కలిసి, ఫెడరేషన్‌తో పని లేకుండా ఇప్పటి ప్రైమ్ వాలీబాల్ లీగ్ మొదలుపెట్టారు. కొచ్చిలో జరగాల్సింది, కోవిడ్ వల్ల హైదరాబాద్‌కి వచ్చింది. ఏడు జట్లు, 24 మ్యాచ్‌లు. మొదటి కప్పు కోల్‌కతా థండర్‌బోల్ట్స్‌ది, 2023లో అహ్మదాబాద్ డిఫెండర్స్‌ది, 2024లో కాలికట్ హీరోస్‌ది, 2025లో బెంగళూరు టార్పెడోస్‌ది. ముంబై, ఢిల్లీ, గోవా ఒక్కొక్కటే వచ్చి చేరి ఇప్పుడు పది జట్లయ్యాయి. తెలుగువాళ్లకి ఉన్నది ఒక్క హైదరాబాద్ బ్లాక్ హాక్స్. విజయ్ దేవరకొండ సహ యజమాని అయ్యాక మన పిల్లలకి ఆ జట్టు పేరు నోటికొచ్చింది.

తేదీలు చూడండి. మూడో సీజన్ 2024 మార్చి 21న ముగిసింది. నాలుగోది మొదలైంది 2025 అక్టోబరు 2న. మధ్యలో ఏడాదిన్నర. ఆడిన నాలుగో సీజన్ ఎన్నాళ్లు? అక్టోబరు 26తో అయిపోయింది. పాతిక రోజులు. పాతిక రోజుల పని కోసం పద్దెనిమిది నెలలు ఎదురుచూసేవాడు ఆ పద్దెనిమిది నెలలూ ఏం తిన్నాడు? జీతం తిన్నాడు. గచ్చిబౌలిలో మీ అబ్బాయి నోరు తెరుచుకుని చూసిన ఆటగాళ్లలో ఎక్కువ మంది రైల్వేస్‌లోనో, సర్వీసెస్‌లోనో (అంటే సైనిక దళాల్లో), కేరళలోని ప్రభుత్వ సంస్థల్లోనో ఉద్యోగులు. ఏడాదంతా ఆఫీసు జట్టుకి ఆడుతూ, ప్రాక్టీసు చేస్తూ, లీగ్ వచ్చినప్పుడు సెలవు పెట్టి వచ్చినవాళ్లు. మొదటి సీజన్ వేలంలో అశ్వల్ రాయ్, జెరోమ్ వినీత్ లాంటి అగ్రశ్రేణి ఆటగాళ్లకి పలికింది 15 లక్షలు. మంచి డబ్బే, కాదనను. కానీ అది శిఖరం మీద ఉన్నవాళ్ల ధర, ఏటా వస్తుందన్న హామీ లేని ధర. జట్టుకి ఇద్దరు విదేశీయుల్ని తీసేస్తే పది జట్లకీ కలిపి దేశం మొత్తం మీద ఉన్న చోట్లు ఓ నూట ఇరవై. అందులో సగం కేరళ, తమిళనాడు కుర్రాళ్లే పట్టుకుపోతారు. వాళ్ల ఊళ్లలో వాలీబాల్ మన ఊళ్లలో క్రికెట్ లాంటిది మరి.

ఇదంతా భయపెట్టడానికి కాదు. మీ అబ్బాయి అసలు ఏ మెట్టు మీద ఉన్నాడో చూసుకోవడానికి. అందుకు లక్షన్నర అక్కర్లేదు, ఒక చాక్‌పీసు చాలు.

ఇంటి పక్కన ఎత్తైన గోడ చూడండి. చాక్‌పీసు పొడి చేసి వాడి కుడిచేతి వేళ్లకి పూయండి. బూట్లు తొడుక్కుని గోడ పక్కన నిలబడి, మడమలు ఎత్తకుండా చెయ్యి ఎంత పైకి అందుతుందో అక్కడ ఒక మచ్చ పెట్టమనండి. ఆరడుగుల ఒక అంగుళం వాడికి అది దాదాపు 2.40 మీటర్ల దగ్గర పడుతుంది. మగవాళ్ల నెట్టు ఎత్తు 2.43. అంటే ఎగరకపోతే నెట్టు అంచు వేళ్లకి తగిలీ తగలనట్టుంటుంది. ఇప్పుడు స్మాష్‌కి పరిగెత్తినట్టే మూడడుగులు వేసి ఎగిరి ఇంకో మచ్చ. మూడుసార్లు చేయించండి, అన్నిటికన్నా పైదాన్ని టేపుతో కొలవండి. ఎగిరిన మచ్చ 3.10 దగ్గరే ఉంటే కాలనీ గ్రౌండ్‌లో హీరో, బయట మామూలు. 3.20 దాటితే రాష్ట్ర జూనియర్ సెలక్షన్లకి ధైర్యంగా పంపండి. 3.30 దాటితే నాకు చెప్పండి, నేనే మీ ఇంటికొస్తాను. పై స్థాయి స్పైకర్లు, అంటే స్మాష్ కొట్టేవాళ్లు, 3.40, ఆ పైన అందుకుంటారు. ఇవి నా అనుభవంలోంచి చెబుతున్న గీతలు, శాసనాలు కావు. పదిహేడేళ్లకి ఇంకో అయిదారు సెంటీమీటర్ల దూకుడు సాధనతో వస్తుంది, ఒళ్లు ఎత్తు మాత్రం ఎంతో పెరగదు.

ఇక్కడే ఒక మాట చెప్పాలి, మీ అబ్బాయికి నచ్చదు. మన టోర్నమెంట్లలో ఆరడుగులవాడు కనిపిస్తే చాలు తీసుకెళ్లి నాలుగో నంబరులో, అంటే నెట్టు దగ్గర ఎడమ పక్కన, నిలబెట్టి స్మాష్ కొట్టిస్తారు. కొట్టగానే ఈలలు, చప్పట్లు. ఆ చప్పట్లే వాణ్ని పాడుచేస్తాయి. పై స్థాయికి పోతే ఆరడుగుల ఒక అంగుళం స్పైకర్‌కి తక్కువ ఎత్తు. అదే ఎత్తు సెటర్‌కి, స్మాష్‌కి బంతి ఎత్తి ఇచ్చేవాణ్ని మన గ్రౌండ్లలో లిఫ్టర్ అంటామే, వాడికి సరిగ్గా సరిపోతుంది. వెనక వరుసలో బంతి కాపాడటమే పనిగా ఉండే లిబరోకైతే ఎక్కువే. నా దగ్గరికొచ్చే పాతిక మందిలో స్మాషర్‌ని అని చెప్పుకునేవాళ్లు ఇరవై మంది, లిఫ్టింగ్ నేర్పండి సార్ అని అడిగినవాడు ఇన్నేళ్లలో ఇద్దరు. ఆ ఇద్దరూ రాష్ట్ర జట్టు దాకా వెళ్లారు. పోటీ లేని చోట నిలబడ్డారు, అంతే కిటుకు.

ఇక సర్వీస్. లీగ్ ఆటకీ మామూలు ఆటకీ అసలు తేడా ఇక్కడే ఉంది. ఫెడరేషన్ పోటీల్లో సెట్టు 25 పాయింట్లకి, అయిదో సెట్టు మాత్రం 15కి. ప్రైమ్ లీగ్‌లో అన్ని సెట్లూ 15కే. మా రోజుల్లోనూ సెట్టు 15కే ఉండేది లెండి, కానీ సర్వీస్ చేసినవాడికే పాయింట్. ఒక్కో సెట్టు ముప్పావుగంట సాగేది, మధ్యలో చీకటి పడితే మర్నాటికి వాయిదా వేసిన రోజులున్నాయి. ఇప్పుడు ప్రతి ర్యాలీకీ పాయింటే, కాబట్టి 15 అంటే కళ్లు మూసి తెరిచేంతలో అయిపోతుంది. 25 పాయింట్ల సెట్టులో మూడు సర్వీసులు బయటికి కొడితే ఎదుటివాడి గెలుపులో 12 శాతం మనం దానం చేసినట్టు. 15 పాయింట్ల సెట్టులో అవే మూడు సర్వీసులు 20 శాతం. దానికి తోడు లీగ్‌లో సర్వీస్ నేరుగా పాయింటైతే రెండు పాయింట్లిస్తారు, సూపర్ సర్వ్ అంటారు. జట్టు సూపర్ పాయింట్ అడిగితే ఆ ర్యాలీకి రెండు. ఇలాంటి ఆటలో ఒక్కో ఆటగాడికి సెట్టులో సర్వీస్ వంతు ఒకసారో రెండుసార్లో వస్తుంది. ఆ ఒక్క వంతులో సెట్టు తిరగబడొచ్చు. కాబట్టి బెంచీ మీద కూర్చున్న కుర్రాణ్ని కోచ్ లేపేది స్మాష్ కోసం కంటే సర్వీస్ కోసమే ఎక్కువసార్లు అని నా లెక్క. ఈసారి లీగ్ వచ్చినప్పుడు మీవాణ్ని బంతి కాకుండా సర్వీస్ చేసేవాడి చేతిని చూడమనండి.

విశాఖ పిల్లలకి సర్వీస్‌లో ఒక జబ్బుంది. నేను దానికి బీచ్ జబ్బు అని పేరు పెట్టాను. మనకి సాయంత్రమైతే సముద్రం మీంచి గాలి. బయట గ్రౌండ్‌లో ఫ్లోట్ సర్వీస్ చేస్తే, అంటే బంతి తిరగకుండా అరచేత్తో గట్టిగా కొట్టి చెయ్యి అక్కడే ఆపేస్తే, ఆ గాలికి బంతి తూలుతూ వెళ్లి ఎదుటివాడి మోచేతికి తగిలి ఎటో పోతుంది. కుర్రాడు తన చెయ్యి గొప్పదనుకుంటాడు. గొప్పతనం గాలిది. భీమిలి వైపు నుంచి వచ్చిన కుర్రాడొకడు నా దగ్గర అలాగే చెలరేగిపోయేవాడు. మొదటిసారి ఇండోర్ స్టేడియంలో ఆడించాను. గాలి లేదు, పైన దీపాలు, కింద మెత్తటి ఫ్లోరు. వాడి సర్వీస్ తాడు కట్టి లాగినట్టు తిన్నగా పోయి లిబరో చేతుల్లో పడేది. నాలుగోసారికి వాడు వెనక్కి తిరిగి నా మొహం చూశాడు, నేనేదో మోసం చేసినట్టు. గాలి లేని చోట బంతి తూలాలంటే అది నిజంగా తిరగకూడదు. బంతి మీది కంపెనీ అచ్చు మీకే కనిపించాలి, గాల్లో అది కదలకూడదు. ఆ తర్వాత మూణ్నెల్లు వాడిచేత ఒక షట్టర్లున్న గోడౌన్‌లో సర్వీస్ చేయించాను. తెలిసినాయన, అద్దె తీసుకోలేదు.

ఇసుకలో ప్రాక్టీసు గురించి కూడా అడుగుతారు. ఆర్కే బీచ్‌లో పొద్దున్నే ఎగరడం కాళ్లకి మంచిదే, మోకాళ్లకి దెబ్బ తక్కువ. కానీ వారానికి రెండ్రోజులు చాలు. ఇసుకలో అలవాటైన అడుగు ఫ్లోరు మీద ఆలస్యమవుతుంది.

ఇప్పుడు చదువు సంగతి. కాలేజీ మానేస్తే ఆట బాగా ఆడొచ్చనుకుంటున్నాడు మీవాడు. మానేస్తే ఆటలో ఒక పెద్ద మెట్టే విరిగిపోతుంది. ఇంటర్ యూనివర్సిటీ పోటీలు ఆడాలంటే డిగ్రీలోనో ఇంజనీరింగ్‌లోనో పేరుండాలి, వయసు 25 లోపుండాలి. ఆంధ్రా యూనివర్సిటీ జట్టులో చోటు దొరికితే సౌత్ జోన్‌కి వెళ్లొచ్చు. అక్కడ కాలికట్, ఎస్‌ఆర్‌ఎం లాంటి యూనివర్సిటీల జట్లు తగులుతాయి. వాటి చేతిలో చిత్తుగా ఓడిపోయినా సరే, ఆ మూడు రోజుల్లో నేర్చుకునేది కాలనీ గ్రౌండ్‌లో మూడేళ్లకి రాదు. పై జట్ల వాళ్ల కళ్లు పడేది కూడా ఇలాంటి చోట్లే. పైగా ఉద్యోగాల క్రీడా కోటాకి కావాల్సిన కాగితం వచ్చేదీ ఇక్కడే.

కాగితం అన్నాను కదా, ఈ సమాధానంలో మీరు ప్రింటు తీసి పెట్టుకోవాల్సింది ఈ ముక్క. కేంద్ర ప్రభుత్వ క్రీడా కోటాలో సర్టిఫికెట్లకి ఫారాలుంటాయి. దేశం తరఫున ఆడితే ఫారం 1. రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో ఆడితే ఫారం 2. యూనివర్సిటీ తరఫున ఇంటర్ యూనివర్సిటీ ఆడితే ఫారం 3. రాష్ట్ర పాఠశాలల జట్టు తరఫున జాతీయ స్కూల్ గేమ్స్ ఆడితే ఫారం 4. లీగ్‌లో ఫ్రాంచైజీకి ఆడటం వీటిలో దేనికిందికీ రాదు, అది ప్రైవేటు జట్టు. మన రాష్ట్రంలో క్రీడా కోటా 2 నుంచి 3 శాతానికి పెంచారు, మంచిదే, కానీ అక్కడా అడిగేది ఇలాంటి సర్టిఫికెట్లే. రైల్వేలో చాలా పోస్టులకి ఆడామంటే సరిపోదు, ఎన్నో స్థానం వచ్చిందో చూస్తారు. మీవాడింకా ఇంటర్‌లోనే ఉన్నాడు కాబట్టి అండర్ 19 స్కూల్ గేమ్స్ ఈ ఏడాది వదలొద్దు. వచ్చే ఏడాదికి ఆ తలుపు మూసుకుపోతుంది.

కాగితం ఎవరి సంతకంతో వస్తుందో చూడటం అంతకన్నా ముఖ్యం. ఇది నా ఒంటి మీద పడ్డ దెబ్బ. నాకు పంతొమ్మిదేళ్లప్పుడు మా చుట్టుపక్కల మేమే అసలు సంఘం అని చెప్పుకునేవాళ్లు రెండు వర్గాలు. ఒక వర్గం వాళ్లు 'నేషనల్స్' అని చెప్పి మమ్మల్ని రెండు రాత్రులు రైల్లో తీసుకెళ్లారు. జనరల్ బోగీలో, బాత్రూమ్ పక్కన, నెట్టు మూట మీద తల పెట్టుకుని పడుకున్నాం. ఫైనల్ దాకా వెళ్లాం. రంగురంగుల సర్టిఫికెట్ ఇచ్చారు, అమ్మ దాన్ని ఫ్రేము కట్టించింది. రెండేళ్ల తర్వాత ఒక ఆఫీసులో ఉద్యోగానికి అదే పట్టుకెళ్తే అక్కడి గుమాస్తా ఫ్రేములోంచే చదివి, 'ఈ సంస్థకి గుర్తింపు లేదు బాబూ' అన్నాడు. అద్దం మీద వేలితో కొట్టి మరీ చూపించాడు. మళ్లీ సరైన దారిలో జిల్లా నుంచి మొదలుపెట్టి రాష్ట్రానికి ఆడి ఉద్యోగం తెచ్చుకోడానికి నాకు ఇంకో మూడేళ్లు పట్టింది. వాలీబాల్‌లో సంఘాల తగాదాలు ఇప్పటికీ తీరలేదు. కాబట్టి ఏ టోర్నమెంట్‌కి పంపినా ముందు అడగండి: ఈ సర్టిఫికెట్ ఏ ఫారంలో వస్తుంది, ఎవరు సంతకం చేస్తారు, ఆ సంఘానికి ఇవాళ గుర్తింపుందా? జిల్లా క్రీడాధికారి కార్యాలయంలో అడిగితే చెబుతారు. సమాధానం తిన్నగా రాకపోతే రైలెక్కించొద్దు.

మీ కోచింగ్ సెంటర్ వాళ్లనీ ఇవే అడగండి. లీగ్‌లోకి ఆటగాళ్లు వేలంలోంచి వస్తారు, అప్పుడప్పుడూ ఏదో ఫ్రాంచైజీ ట్రయల్స్ పెడుతుంది. నేషనల్స్‌లో, యూనివర్సిటీ పోటీల్లో ఆడి కంట్లో పడ్డవాణ్ని వాళ్లే వెతుక్కుంటారు. డబ్బు కట్టించుకుని ఆ వరుసలో ముందు నిలబెట్టగలిగే మధ్యవర్తి నాకింతవరకూ తగల్లేదు.

ఆ లక్షన్నరలో పదోవంతు చాలు. ఒక మంచి ఇండోర్ బూట్ల జత కొనండి, రోడ్డు మీద వేసుకోనివ్వకండి. పోటీల్లో వాడే రకం బంతి ఒకటి కొనండి, 260 నుంచి 280 గ్రాములుండేది. గ్రౌండ్లలో అరిగిపోయి నీళ్లు తాగిన బంతితో ఆడితే చెయ్యి బరువుకి అలవాటు పడిపోతుంది. రోజూ నాలుగు గుడ్లు పెట్టండి, మీ ఇంట్లో తింటే. మోకాలి నొప్పి అంటే నూనె రాసి పంపించకుండా ఫిజియోథెరపిస్టుకి చూపించండి. ఈ వయసులో ఎగిరే పిల్లలకి మోకాలి చిప్ప కింద నొప్పి మామూలుగా వస్తుంది, పట్టించుకోకపోతే ఏళ్లు వేధిస్తుంది. మిగిలిన డబ్బు డిగ్రీ ఫీజుకి ఉంచండి.

ఉద్యోగం గురించి చెబితే వాడికి ముసలి మాటల్లా వినిపిస్తాయని తెలుసు. అప్పుడు పీవీ రమణ గారి సంగతి చెప్పండి. 1986 సియోల్ ఏషియాడ్‌లో మన వాలీబాల్ జట్టు కాంస్యం గెలిచింది, అందులో ఆయన ఉన్నారు, తర్వాత అర్జున అవార్డూ వచ్చింది. ఆయన రైల్వే ఉద్యోగి, ఆయన భార్య విజయ గారు కూడా వాలీబాల్ క్రీడాకారిణే. రెండు ఒలింపిక్ పతకాలు తెచ్చిన సింధు వాళ్లమ్మాయే అని చెప్పేదాకా మీవాడికి ఆ పేరు వెలగదు, పందెం.

అన్నట్టు మీరు చివర్లో మా చిన్నమ్మాయి కూడా ఆడుతుంది అని ఒక ముక్క రాసి వదిలేశారు. ప్రైమ్ లీగ్ ప్రస్తుతానికి మగవాళ్లకే. కానీ పైన చెప్పిన ఫారాలు, యూనివర్సిటీ, రైల్వే, ఇవన్నీ ఆడపిల్లలకీ ఉన్నాయి. అక్కడ పోటీ తక్కువ, చోట్లు ఉన్నాయి. ఆ అమ్మాయి ఎత్తు ఎంతో మీరు రాయలేదు. వాళ్లన్నకి గోడ మీద మచ్చ పెట్టించేటప్పుడు తనకీ పెట్టించండి, వాళ్ల నెట్టు 2.24. రెండు కొలతలూ ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.